సీటు వెనక రెండు భోజనాలు

విమాన కంపెనీల చరిత్రలు చదవడం నాకో పిచ్చి. కాంకార్డ్ గురించీ, జంబోల గురించీ అందరూ రాస్తారు. నాకు మాత్రం అయిదేళ్ళు కూడా నిండకుండానే పోయిన కోర్ట్ లైన్ అంటే అదో ఇష్టం.

ఇంగ్లండులోని లూటన్‌లో ఆటెయిర్ అని ఓ చిన్న కంపెనీ ఉండేది. 1970 జనవరిలో దాని పేరు కోర్ట్ లైన్‌గా మార్చి, పూర్తిగా చార్టర్లకి దిగారు. చార్టర్ అంటే మన పెళ్ళివాళ్ళు బస్సు మాట్లాడుకోవడం లాంటిదే. టూర్ కంపెనీ సీట్లన్నీ టోకున కొనేసి, స్పెయిన్‌లో హోటలుతో కలిపి జనానికి చవగ్గా అమ్ముతుంది. విమానాలకి గులాబీ, నారింజ, ఊదా రంగులు! ఇక భోజనం సంగతి వినండి. వెళ్ళేవాళ్ళదీ, అదే సీట్లో తిరిగొచ్చే వేరేవాళ్ళదీ రెండూ లూటన్‌లోనే సీటు వెనక అరల్లో సర్దేసేవాళ్ళు. రెండో అరకి తాళం. కొందరు ఘనులు ఆ తాళం ఊడగొట్టి రెండోదీ లాగించేసేవారట. స్పెయిన్‌లో ఎక్కేవాడి గతి దేవుడికే తెలియాలి :)

1973లో 400 సీట్ల ట్రైస్టార్లు రెండు కొన్నారు. ఐరోపాలో వాటిని మొదట నడిపింది వీళ్ళే. మరి అన్ని సీట్లు నింపేదెవరు? క్లార్క్‌సన్స్ అనే టూర్ కంపెనీ. అదేమో రేట్లు తెగ్గోసీ తెగ్గోసీ నష్టాల్లో మునిగింది. అది పోతే తమ విమానాలు ఖాళీ. అందుకని ఆ ఏడాదే నామమాత్రపు ధరకి దాన్నే కొనేశారు, నష్టాలతో సహా! నేను ఒకే క్లయింటు మీద బతికిన టీంలో పనిచేశాను కాబట్టి, వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రావట్లేదు. ఆ మీటింగులో నేనున్నా బహుశా చెయ్యెత్తేవాణ్ణే.

తర్వాత కొద్ది నెలలకే చమురు సంక్షోభం. ధర దాదాపు నాలుగింతలైంది, బుకింగులు పడిపోయాయి. కోర్ట్ లైన్ గ్రూపుకి ఓడల కర్మాగారాలు కూడా ఉండేవి. 1974 జూన్‌లో మంత్రి టోనీ బెన్ వాటిని ప్రభుత్వం తీసుకుంటుందని పార్లమెంటులో ప్రకటిస్తూ, ఆ వేసవి ట్రిప్పులకి ఇక ఢోకా లేదన్నట్టు మాట్లాడాడు. జనం నమ్మారు. దాదాపు ఏడు వారాలకి, ఆగస్టు 15న, కంపెనీ మూతపడింది. పదుల వేలమంది విదేశాల్లో ఇరుక్కుపోయారు. వాళ్ళని వేరే విమానాల్లో వెనక్కి తెచ్చారు, టూర్ కంపెనీలు కట్టిన బాండు డబ్బు దానికే సరిపోయింది. డబ్బు కట్టి ఇంకా బయల్దేరనివాళ్ళకి మాత్రం అప్పటికి ఏమీ మిగల్లేదు.

నాకు కోపం తెప్పించేది ఈ చివరి ముక్కే. కంపెనీ లెక్క తప్పింది, సరే. కానీ మంత్రి మాట విని డబ్బు కట్టినవాడి తప్పేంటి? ప్రభుత్వం జనానికి తప్పుడు భరోసా ఇచ్చిందని 1975లో అంబుడ్స్‌మన్ తేల్చాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. అయినా అదే ఏడు చట్టం చేసి, ఓ నిధి పెట్టి, అందులోంచి వాళ్ళ డబ్బు తిరిగిచ్చారు. ఆ నిధి కోసం టూర్ కంపెనీల దగ్గర లెవీ వసూలు చేశారు.

అన్నట్టు, ఆ రెండు ట్రైస్టార్లూ తర్వాత హాంకాంగ్ వెళ్ళి కేథే పసిఫిక్‌లో చేరాయి.