జ్యువెల్స్ (గడియారాలు)

యాంత్రిక గడియారాల్లో రాపిడి ఎక్కువగా ఉండే చోట్ల అమర్చే చిన్న రాళ్లను జ్యువెల్స్ అంటారు. ఇవి అలంకారానికి కావు. మెరుగుపెట్టిన గట్టి కెంపు మీద ఉక్కు ఇరుసు తేలిగ్గా తిరుగుతుంది, అరుగుదల తగ్గుతుంది, వేసిన నూనె చెదరకుండా నిలుస్తుంది.

చరిత్ర: రాళ్లకు రంధ్రం చేసి గడియారాల్లో వాడే పద్ధతికి స్విస్ గణితవేత్త నికోలా ఫాసియో, దెబాఫ్ర్ సోదరులతో కలిసి 1704లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. మొదట్లో సహజ రత్నాలే వాడేవారు. 1902లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఒగ్యుస్త్ వెర్నాయ్ కృత్రిమ కెంపుల తయారీ విధానాన్ని ప్రకటించాక ఇవి చౌకగా దొరకసాగాయి.

అమరిక: కీ ఇచ్చే వాచీకి సాధారణంగా 17 జ్యువెల్స్ ఉంటాయి. బాలెన్స్ చక్రానికి 5, ప్యాలెట్ ఫోర్కుకు 4, ఎస్కేప్ చక్రంతో పాటు మూడో, నాలుగో, మధ్య చక్రాలకు రెండేసి చొప్పున 8 అమరుస్తారు. ఆటోమేటిక్ వాచీల్లో అదనపు యంత్రభాగాల వల్ల ఈ సంఖ్య పెరుగుతుంది.

సేకరణలో ప్రాముఖ్యం: ఒకప్పుడు కొందరు తయారీదారులు పనిచేయని రాళ్లను కూడా కలిపి సంఖ్యను పెంచి చూపేవారు. అందుకే పనిచేసే రాళ్లను, పనిచేయని వాటిని వేరుచేస్తూ 1974లో ఐఎస్‌ఓ 1112 ప్రమాణం వచ్చింది. భారతీయ సేకర్తలు ఇష్టపడే హెచ్‌ఎంటీ జనతా 17 జ్యువెల్స్ వాచీ. పాత వాచీ కొనేటప్పుడు రాళ్ల సంఖ్య కన్నా అవి పగలకుండా, శుభ్రంగా ఉన్నాయా అన్నది చూడడం ముఖ్యం.