బడి నడిపే వ్యాపారాలు: వికలాంగ విద్యార్థుల పని అనుభవం

వికలాంగ విద్యార్థులు చదువుతో పాటు పని నేర్చుకోవడానికి బడే సొంతంగా నడిపే చిన్న వ్యాపారాలివి. నేడు అమెరికా హైస్కూళ్లలో కాఫీ బండి, దుకాణం, అచ్చుపని వంటి రూపాల్లో కనిపిస్తాయి.

వీటి పాత ఆనవాళ్లు ప్యారిస్‌లో ఉన్నాయి. వాలెంటిన్ హాయీ 1785లో అక్కడ అంధుల బడి తెరిచాడు. మరుసటి ఏడాది ఆయన రాసిన పుస్తకాన్ని రాజుగారి ముద్రాపకుడు క్లూజియే పర్యవేక్షణలో అంధ బాలలే అచ్చువేశారు. అమ్మకపు రాబడి వాళ్లదేనని ముఖపత్రం మీదే ప్రకటించారు.

అమెరికాలో హార్ట్‌ఫర్డ్ బధిరుల పాఠశాల 1822లో చేతివృత్తులు నేర్పసాగింది. తర్వాత బధిరుల బడులు అచ్చుయంత్రాలు పెట్టుకుని పత్రికలు నడిపాయి. చెవులు దిమ్మెక్కే ముద్రణశాలలో వినికిడి లేకపోవడం అడ్డేమీ కాదు. అలా పని నేర్చినవారు వాషింగ్టన్ పోస్ట్ వంటి పెద్ద పత్రికల్లో కుదురుకున్నారు. అంధులకు ఆ అదృష్టం పట్టలేదు. చీపుళ్లు, పరుపులు చేయడం నేర్చినా బయట పనిచ్చేవారు లేక, చాలామంది అంధుల కోసమే పెట్టిన కార్ఖానాల్లో మిగిలిపోయారు. 1938 నాటి కార్మిక చట్టం అలాంటి చోట్ల వికలాంగులకు కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వడానికి వీలు కల్పించింది.

1975 చట్టంతో వికలాంగ బాలలందరికీ ప్రభుత్వ విద్య హక్కయింది. బడి తర్వాతి జీవితానికి సిద్ధం చేయడం కూడా బడి బాధ్యతేనని 1990లో చట్టం చెప్పింది. 2014 చట్టం రాష్ట్రాల వృత్తి పునరావాస నిధుల్లో కనీసం 15 శాతం వికలాంగ విద్యార్థులను పనికి సిద్ధం చేయడానికే కేటాయించమంది.

అలా సిద్ధం చేసే మార్గాల్లో ఒకటైన కాఫీ బండి పని చూడటానికి చిన్నదే. టీచర్లు బొమ్మల చీటీ మీద పాలు, చక్కెర ఎదుట టిక్కు పెడతారు. మాటలు రాని విద్యార్థి కూడా ఆ చీటీ చూసి కప్పు నింపి, మూత బిగించి, గది నంబరు వెతుక్కుంటూ వెళ్లి అందిస్తాడు. మరొకరు చిల్లర లెక్క చూస్తారు. తప్పు జరిగితే ఉద్యోగం ఊడదు, మళ్లీ చేయిస్తారు.

లోపమూ అక్కడే ఉంది. కొనేవాళ్లు టీచర్లే కాబట్టి గీచి గీచి అడిగే కొనుగోలుదారు తగలడు. ఏళ్ల తరబడి అదే బండి తోయిస్తే అది చదువు కాదు, ఊడిగం. అందుకే కొన్ని బడులు అసలు పనిచోట్లకే విద్యార్థులను పంపుతున్నాయి. 1996లో సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైన ప్రాజెక్ట్ సెర్చ్ ఇందుకు పేరొందింది. అత్యవసర విభాగంలో సామగ్రి సర్దే సిబ్బంది నిలవకపోవడంతో, నర్సు ఎరిన్ రీల్ ఆ పనికి వికలాంగ యువతను తీసుకోవాలనుకుంది. ఆ పథకంలో విద్యార్థులు బడి చివరి ఏడాదిని వేర్వేరు విభాగాల్లో ఉద్యోగుల పక్కనే గడుపుతారు.