ట్విస్ట్ రేటు

రైఫిల్ గొట్టం లోపలి గోడపై సర్పిలాకారంలో చెక్కిన గాడులను రైఫ్లింగ్ అంటారు. ఈ గాడులు ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే పొడవును ట్విస్ట్ రేటు లేదా మెలిక రేటు అంటారు. దీనిని సాధారణంగా అంగుళాలలో తెలుపుతారు. 1:10 మెలిక గల గొట్టంలో బుల్లెట్ 10 అంగుళాలు ముందుకు సాగేసరికి తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతుంది. రెండవ అంకె తగ్గే కొద్దీ భ్రమణ వేగం పెరుగుతుంది. వేట రైఫిల్‌కు కొత్త రకం బుల్లెట్లను ఎంచుకొనేటప్పుడు ఈ రేటును తప్పక చూడవలసి ఉంటుంది.

భ్రమణం అవసరం

పొడవైన బుల్లెట్ ముక్కుపై గాలి ఒత్తిడి పడి దానిని పక్కకు ఒరగదోయడానికి ప్రయత్నిస్తుంది. వేగంగా తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడినట్లే, వేగంగా తిరిగే బుల్లెట్ కూడా ఒరగకుండా సాగుతుంది. సెకనుకు 3,000 అడుగుల వేగంతో 1:10 గొట్టం నుండి వెలువడిన బుల్లెట్ సెకనుకు 3,600 సార్లు తిరుగుతుంది. భ్రమణం చాలకపోతే బుల్లెట్ గాలిలో పల్టీలు కొడుతుంది. అప్పుడు గురి కాగితంపై గుండ్రని రంధ్రానికి బదులు కోలగా చీలిక పడుతుంది. వేటలోనైతే జంతువు వెంటనే చనిపోక, గాయంతో పారిపోయి బాధపడే ప్రమాదం ఉన్నది.

గ్రీన్‌హిల్ సూత్రం

1879లో ఆంగ్ల గణిత శాస్త్రవేత్త జార్జ్ గ్రీన్‌హిల్ ఒక సులభ సూత్రాన్ని రూపొందించాడు. దీని ప్రకారం బుల్లెట్ వ్యాసపు వర్గాన్ని 150తో గుణించి, బుల్లెట్ పొడవుతో భాగిస్తే కావలసిన మెలిక అంగుళాలలో వస్తుంది. వేగం సెకనుకు సుమారు 2,800 అడుగులు దాటితే 150కి బదులు 180 వాడతారు. 0.243 అంగుళాల వ్యాసం, 1 అంగుళం పొడవు గల వేగవంతమైన బుల్లెట్‌కు 10.6 అంగుళాల మెలిక సరిపోతుంది. పొడవు 1.2 అంగుళాలైతే 8.9 అంగుళాల మెలిక కావాలి. ఈ సూత్రంలో బరువు ప్రసక్తి లేదు. అనగా మెలికను ప్రధానంగా నిర్ణయించేది బుల్లెట్ పొడవే.

రెండు తూటాల కథ

1955లో అమెరికాలో .243 వించెస్టర్, .244 రెమింగ్టన్ అనే రెండు తూటాలు విడుదలయ్యాయి. రెండింటి బుల్లెట్ వ్యాసం ఒకటే. రెమింగ్టన్ సంస్థ చిన్న జంతువుల వేటకు వాడే తేలికైన బుల్లెట్లను దృష్టిలో ఉంచుకొని 1:12 మెలికను ఎంచుకొన్నది. వించెస్టర్ 1:10 మెలికను ఎంచుకోవడం వలన జింకల వేటకు 100 గ్రెయిన్ల బుల్లెట్లు కూడా అందులో చక్కగా పనిచేశాయి. రెండు పనులకూ ఒకే రైఫిల్ కోరుకొన్న వేటగాళ్ళు .243 వైపే మొగ్గారు. 1963లో రెమింగ్టన్ తన తూటాకు 6 మి.మీ. రెమింగ్టన్ అని పేరు మార్చి, 1:9 మెలికతో అందించింది. అయినా .243కు ఉన్న ఆదరణను అందుకోలేకపోయింది.

రాగి బుల్లెట్లు

సీసం సాంద్రత 11.3 కాగా రాగి సాంద్రత 8.96 మాత్రమే. అందువలన అదే బరువు గల రాగి బుల్లెట్ మరింత పొడవుగా ఉంటుంది, దానికి మరింత వేగవంతమైన మెలిక అవసరమవుతుంది. వేటలో చనిపోయిన జంతువుల అవశేషాలను తిని కాండర్ రాబందులు సీసపు విషానికి గురికావడంతో, కాలిఫోర్నియా రాష్ట్రం 2013లో చట్టం చేసి, 2019 జూలై 1 నుండి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. పాత రైఫిళ్ళు గలవారు ఇటువంటి చోట్ల సాధారణంగా తమ పాత సీసపు బుల్లెట్ కంటే తక్కువ బరువున్న రాగి బుల్లెట్‌ను ఎంచుకోవలసి వస్తుంది.

ఎంపిక

గొట్టంపై మెలిక ముద్రించి లేకపోతే, తూటాలు లేని రైఫిల్‌లో బిగుతైన గుడ్డ చుట్టిన శుభ్రపరచే కడ్డీని తోసి, అది ఒక చుట్టు తిరగడానికి ఎన్ని అంగుళాలు సాగిందో కొలవవచ్చు. కడ్డీ పిడి స్వేచ్ఛగా తిరిగేదై ఉండాలి. తయారీదారులు అనేక బుల్లెట్లకు అవసరమైన కనీస మెలికను పెట్టెపై తెలుపుతారు. కొంత అధిక మెలిక వలన సాధారణంగా నష్టం స్వల్పమే. అయితే పలుచని తొడుగు గల తేలిక బుల్లెట్లు అతి వేగంగా తిరిగితే గాలిలోనే ఛిద్రం కావచ్చు.