మజిలీ

అరబ్బీలో ‘మంజిల్’ అంటే దిగే చోటు. ఉర్దూ మీదుగా మనకొచ్చి ‘మజిలీ’ అయింది. ఊరెళ్లినవాళ్లను “ఎక్కడ దిగారు?” అని మనం అడిగేదీ దాని గురించే.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడుగునా మజిలీ మజిలీలో చూసిన సంగతులు రాసి మిత్రుడికి పంపేవారు. నీళ్లు ఎలా ఉన్నాయి, దిగడానికి వసతి ఉందా, అంగళ్లలో ఏం దొరుకుతాయి, బాట ఎలాంటిది... వెనక వచ్చేవాళ్లకు అక్కరకొచ్చే మాటలు. ఆ పద్ధతంటే నాకు ప్రాణం; గొప్పలకు అందులో చోటు దొరకదు.

మొన్న మా పిన్ని వాట్సాప్‌లో బొర్రా గుహల ఫోటో పెట్టి, కింద రాసింది: “మెట్లు తడిగా ఉన్నాయి, అమ్మమ్మను తీసుకొస్తే చెయ్యి వదలకండి.”

ఈసారి మీ ఫోటో కిందా అలాంటి మాట ఒక్కటి రాయండి.