పేర్ల పద్దు

బిడ్డకి పేరు పెట్టాలంటే మనకెంత హడావుడి! నక్షత్రం చూడాలి, అత్తగారి వైపు పెద్దల పేరు కలవాలి, చివరికి పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో రాయాలి. వెబ్‌సైట్ పేరుకి ఇంత తంతు లేదు గానీ ఒక చిక్కుంది. ఒకే వీధిలో నలుగురు లక్ష్ములుండొచ్చు. అక్కడ మాత్రం ఒక పేరు ప్రపంచం మొత్తానికి ఒక్కరిదే! అందుకని ఎవరో ఒకరు పద్దు రాయక తప్పదు.

ఆ పద్దుని ఏళ్ళ తరబడి చూసుకున్నది ఒక స్త్రీ అని మనలో ఎందరికి తెలుసు? ఆవిడ ఎలిజబెత్ ఫైన్లర్. అప్పటికింకా చిన్నపిల్లగా ఉన్న అక్కకి 'బెట్టీ జో' అనడం నోరు తిరగక 'జేక్' అన్నదట. అదే ఆవిడకి ముద్దుపేరైంది. 1970లలో అమెరికా రక్షణశాఖ డబ్బుతో ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వల నడిచేది. దాని సమాచార కేంద్రం కాలిఫోర్నియాలో ఈవిడ చేతికింద ఉండేది. వలలో కొత్త కంప్యూటరు చేరితే, ఆ కేంద్రానికి చెప్పి జాబితాలో పేరు ఎక్కించుకోవాలి.

కంప్యూటర్లు పెరిగాయి, ఒక్క జాబితా చాల్లేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ కొత్త పద్ధతి కనిపెట్టారు. ఉమ్మడి కుటుంబం వేరుపడి ఎవరి వాటా వాళ్ళు చూసుకున్నట్టన్నమాట. వ్యాపారానికి డాట్ కామ్, చదువులకి డాట్ ఈడీయూ వచ్చాయి. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంప్యూటర్ల కంపెనీ మొట్టమొదటి డాట్ కామ్ పేరు నమోదు చేసుకుంది. అప్పట్లో రుసుము లేదు. 1995లో రెండేళ్ళకి 100 డాలర్లు పెట్టారు.

ఉచితంగా దొరికినన్నాళ్ళూ పెద్ద పెద్దవాళ్ళే పట్టించుకోలేదు. 1994లో జాషువా క్విట్నర్ అనే విలేఖరి మెక్‌డొనాల్డ్స్ పేరుని తన పేర రాయించుకున్నాడు. చివరికి ఆ కంపెనీ ఒక బడికి ఇంటర్నెట్ సదుపాయానికి డబ్బిచ్చి తన పేరు తను తెచ్చుకుంది!

మనదేశపు డాట్ ఇన్ 2005 నుంచి అందరికీ దొరుకుతోంది. తెలుగు లిపిలోనే డాట్ భారత్ కూడా ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే కాస్త జాగ్రత్త. 'లక్ష్మి'ని ఎక్స్‌తో రాసేవాళ్ళూ ఉన్నారు, కేఎస్‌హెచ్‌తో రాసేవాళ్ళూ ఉన్నారు. ఫోన్‌లో ఒక్కసారి చెబితే రాసుకోగలిగే పేరే మంచిది.

ఇంకో సంగతి. ఈ పేరు సొంతిల్లు కాదు, అద్దిల్లు. ఒక్కసారికి పదేళ్ళకి మించి కట్టనివ్వరు. గడువు దాటితే చేజారుతుంది. మా బంధువు ఒకావిడ పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. సైట్ తయారుచేసిన కుర్రాడు పేరుని తన పేరిట, తన ఈమెయిల్‌తో రాయించుకున్నాడు. నాలుగేళ్ళకి అతను ఊరు మారాడు, గడువు తీరింది, పేరు ఇంకెవరో పట్టుకుపోయారు. ఆవకాయ ఆవిడది, చెమట ఆవిడది. పద్దులో మాత్రం ఆవిడ లేదు.

ఇంటి పట్టా ఎవరి పేరనుందో అడగడం మనం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం. ఇదీ అలాంటి పట్టాయే. ఊరగాయలమ్మినా, బట్టలు కుట్టినా, సంగీతం చెప్పినా, పేరు మీది. నమోదు కాగితంలో సొంతదారు గడిలో ఉన్నది మీరేనా, కాదా? ఇవాళే చూసుకోండి.