ఆమ్‌స్టర్‌డామ్ కాలువలు

గోదావరీ మండలమున పుట్టి పెరిగినవానికి కాలువ యనగానే పొలమునకు నీరు తెచ్చునది యని తోచును. ధవళేశ్వరము ఆనకట్ట వెలసిన నాటినుండి మన డెల్టావాసులకు కాలువయు పంటయు జంటపదములైనవి. హాలెండు దేశపు వాడుక ఇందుకు తలక్రిందులు. అచ్చట నేల పల్లము, సముద్రము పొరుగు. కావున కాలువను తొలుత నీటిని వెడలగొట్టుటకును, పిదప సరకును ఇంటి ముంగిటికి చేర్చుకొనుటకును త్రవ్విరి.

లైడెన్ విశ్వవిద్యాలయమున చదువుకొను రోజులలో నేను ఉదయపు రైలులో ఆమ్‌స్టర్‌డామునకు పోయి రాత్రికి మరలి వచ్చితిని. గంటలోపు ప్రయాణము. 1839లో ఆమ్‌స్టర్‌డామ్, హార్లెమ్ నగరముల నడుమ ఆ దేశపు మొదటి రైలుబండి నడచుటకు పూర్వము, రెండు వందల యేండ్లపాటు, జనులు గట్టువెంట గుఱ్ఱము లాగుచుండగా నియమిత వేళలకు కదలు పడవలలో పోయెడివారు. హార్లెమ్ కాలువ 1632లో వాడుకలోనికి వచ్చినది. కాలువగట్టున మనుష్యులే త్రాడు పట్టి పడవ లాగుట నెరిగిన మన పెద్దలకు ఈ యేర్పాటు వింతగా తోచదు.

ఆమ్‌స్టెల్ నదికి అడ్డముగా వేసిన కట్టయొద్ద పుట్టిన పల్లె ఆమ్‌స్టర్‌డామ్. 1275లో హాలెండు ప్రభువైన అయిదవ ఫ్లోరిస్ దయచేసిన సుంకపు మినహాయింపు పత్రమున దీని ప్రస్తావన కలదు. పదునేడవ శతాబ్దమున వర్తకము పొంగి పొరలగా, 1613లో నగరాధికారులు పాతయూరిని అర్ధచంద్రాకారమున చుట్టివచ్చునట్లు హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అను మూడు పెద్ద కాలువలను త్రవ్వింప నారంభించిరి. బురదనేల గనుక కట్టడములకు దుంగలు దిగగొట్టక తప్పలేదు. 1648లో మొదలిడిన నగరసభా భవనము, అనగా నేటి రాజప్రాసాదము, 13,659 దుంగలపై నిలిచినది. సంవత్సరపు దినసంఖ్యకు ముందొకటి, వెనుక తొమ్మిది చేర్చి అచ్చటి బడిపిల్లలు ఈ లెక్కను గుర్తుంచుకొందురు.

నా కన్నిటికంటె ఆసక్తి గొలిపినది ఇండ్ల నెత్తిన నున్న దూలము. ముఖభాగము ఇరుకు, లోపల నిడివి. కప్పు కొనను ముందునకు పొడుచుకొని వచ్చిన దూలము, దానికొక యినుప కొక్కెము. పడవ వాకిట నిలువగానే మూటలను మోకుతో నేరుగా అటకకు చేదుకొనెడివారు. పైకి పోవు మూట గోడకును కిటికీలకును ఒరయకుండ ముఖభాగమునే కొంచెము ముందునకు వంచి కట్టిరి. వర్తకుడు క్రింద కాపురముండెడివాడు, సరకు పైన చెమ్మ తగులక పడియుండెడిది. మెట్లు మరీ ఇరుకగుటచే నేటికిని మంచములు, బీరువాలు కిటికీదారినే యెక్కుచున్నవి.

1602లో వెలసిన వలందా (డచ్చి) తూర్పిండియా కంపెనీవారి కచేరి యిప్పుడు విశ్వవిద్యాలయము వశమున నున్నది. బందరులోని వలందపాలెము నెరిగిన తెలుగువాడు ఆ వాకిట నొక క్షణము నిలువక మానడు. బందరు, నిజాంపట్టణము, పాలకొల్లు స్థావరములలో కంపెనీవారు కొన్న బట్టలు, చిరివేరుతో ఎఱ్ఱన తేల్చినవి, అధికభాగము ఈ నగరమునకు రానేలేదు. జావా, సుమత్రా, మలుకా దీవులకు పోయి అచ్చట మిరియములకు, లవంగములకు మారకమైనవి, ఆ సుగంధద్రవ్యములు వచ్చి ఈ నగరపు గిడ్డంగుల కెక్కినవి. మన సాలెవాని మగ్గమునకును ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుని మేడకును నడుమ ఇంత దూరపు చుట్టుదారి కలదు. బట్టలతో నిలిచిన బాగుండెడిది. కరవుకాలములలో కోరమండల తీరపు నిరుపేదలను కొని పులికాటు నుండి బటేవియాకు బానిసలుగా నోడ లెక్కించినదియు ఈ కంపెనీయే. కాలువగట్టు మేడలను పొగడువారు ఈ పద్దును విడిచిపెట్టుట న్యాయము కాదు.

1799 చివర కంపెనీ రద్దయ్యెను. తరువాతి శతాబ్దమున కంపుకొట్టు కాలువలు కొన్నిటిని పూడ్చి వీధులు చేసిరి; 1889లో రోజెన్‌గ్రాఖ్ట్ అట్లే మాయమైనది. 1954లో నగర పోలీసు ముఖ్యాధికారి కాస్‌యాగర్ మోటారుబండ్ల రద్దీకి దారి చేయ మరికొన్నిటిని పూడ్పవలెనని ప్రతిపాదించెను. పౌరులు ఆగ్రహించి ఆ యూహను సాగనీయలేదు.