కత్తి చెప్పే సాక్ష్యం

మనం నివసిస్తున్న ఈ ఇంగ్లండులో పాత వస్తువుల సంతల్లో అప్పుడప్పుడు రెండవ ప్రపంచ యుద్ధం నాటి కమాండో కత్తి ఒకటి కనిపిస్తుంది. అమ్మేవారు దానితోపాటు ఒక వీరగాథ కూడా వినిపిస్తారు. ఆ గాథ నిజమో కాదో కత్తినే అడగవచ్చునని మనవి చేస్తున్నాము.

1940లో డంకర్క్ నుంచి సేనలు తిరిగివచ్చాక బ్రిటన్ కమాండో దళాలను ఏర్పరచింది. వారి కోసం ఫెయిర్‌బెయిర్న్, సైక్స్ అనే ఇద్దరు ఒక రెండంచుల బాకును రూపొందించారు. షాంఘై పోలీసుల్లో అనుభవం గడించిన వారిద్దరి పేర్ల మీదనే అది ఎఫ్-ఎస్ కత్తి అయింది. లండనులోని విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీ దానిని 1941 నుంచి తయారుచేసింది.

తొలి నమూనాకు పిడికీ అలుగుకూ మధ్యనున్న అడ్డకమ్మీ ఎస్ ఆకారంలో వంపు తిరిగి ఉంటుంది. అలుగు మొదట్లో పదునులేని చదరపు భాగం మీద కంపెనీ పేరు ఆమ్లంతో చెక్కి ఉంటుంది. 1942లో వచ్చిన రెండవ నమూనాలో అడ్డకమ్మీ తిన్ననయింది. 1943 చివరలో వచ్చిన మూడవ దానికి ఇత్తడి పిడి పోయి, కట్లు కట్లుగా పోతపోసిన మిశ్రలోహపు పిడి వచ్చింది.

ఈ వరుస తెలిస్తే చాలు, చాలా కథలు తేలిపోతాయి. కట్ల పిడి కత్తిని చూపి, ఇది 1942 ఆగస్టులో డియెప్ దాడికి వెళ్ళివచ్చిందంటే నమ్మడమెలా? అప్పటికి ఆ పిడే పుట్టలేదు. ‘ఇంగ్లండ్’ అన్న ముద్ర సాధారణంగా యుద్ధం ముగిశాక ఎగుమతికి చేసిన వాటిపై ఉంటుంది. అక్షరాలను భూతద్దంతో చూడాలి. పాత గీతల మీదుగా అక్షరాలు చెక్కి ఉంటే అవి తర్వాత చేర్చినవే. అలుగంతా అరిగి అక్షరాలు మాత్రం కొత్తగా ఉన్నా అనుమానించవలసిందే.

మన పండితులు తామ్రశాసనాల్లో కూటశాసనాలను పట్టుకున్నదీ ఇలాగే. శాసనం చెప్పుకున్న తేదీని పక్కనబెట్టి, లిపి ఏ కాలానిదో చూశారు. అందుకే పాత కత్తిని తోమి మెరిపించరాదు. మురికితోపాటు సాక్ష్యమూ పోతుంది.

ఇది డబ్బు నష్టంతో పోయే విషయం కాదు. డియెప్‌లో 900 మందికి పైగా కెనడా సైనికులు చనిపోయారు. వెళ్ళని కత్తికి వారి పేరు తగిలించడం వారి చరిత్రను దొంగిలించడమే. కథ లేని నిజమైన కత్తి, కథ ఉన్న దొంగ కత్తి కంటే ఎంతో విలువైనదని మా అభిప్రాయం.